తెలివి రాకముందు సంతకం

లక్ష్మీనర్సమ్మ చేత రాజీనామా కాగితం మీద సంతకం పెట్టించేటప్పటికి ఆమె నోట్లో నెత్తురు ఇంకా ఆరలేదు.

అది రెండు వేల మూడో సంవత్సరం. నాచారం పారిశ్రామికవాడలో మందుసీసాలకు ప్లాస్టిక్ మూతలు చేసే ఒక చిన్న కంపెనీ. పొద్దుటి షిఫ్టులో, వంకర మూతలు ఏరి పక్కన పడేస్తూ పడేస్తూ ఆమె ఒక పక్కకు ఒరిగిపోయింది. కాళ్ళూ చేతులూ కొట్టుకున్నాయి. చుట్టూ ఉన్న ఆడవాళ్ళు లేచి దూరం జరిగారు. సూపర్‌వైజరు పరుగెత్తుకొచ్చి, నాలుక కొరుక్కుంటుందని భయపడి, గోదాము తాళంచెవిని ఆమె పళ్ళ మధ్య దూర్చి మెలితిప్పాడు. మనిషి చెడ్డవాడు కాదు, మంచే చేద్దామనుకున్నాడు. పై వరుసలో ముందు పళ్ళు రెండు విరిగాయి.

తర్వాత ఆమెను లేపి ఆఫీసు గదిలో కుర్చీలో కూర్చోబెట్టారు. ముందర ఒక కాగితం పెట్టారు. ఆమెకు ఆ గదిలో టేబుల్ ఫ్యాను తిరగడం గుర్తుంది, ఎవరో చేతిలో పెన్ను పెట్టడం గుర్తుంది. సంతకం మాత్రం గుర్తులేదు. మర్నాడు పనికి పోతే వాచ్‌మన్ గేటు తియ్యలేదు. నువ్వే మానేస్తనని రాసిచ్చినవట కదా అన్నాడు. ఆమె ఏడ్చి మొత్తుకుంటే లోపలి నుంచి కాగితం తెచ్చి చూపించారు. 'ఇంటి పనుల వల్ల, నా సొంత ఇష్టంతో' అని రాసి ఉంది. కింద ఆమె పేరు. రాత్రిబడిలో నేర్చుకున్న అక్షరాలు ఆమెవే. కాకపోతే తాగిన మనిషి నడకలాగా గీత దాటి కిందికి జారిపోయాయి.

ఆమె మొగుడు బుచ్చిరాములు అక్కడికి దగ్గర్లోనే ఇంకో గోదాములో హమాలీ. వలిగొండ వైపు నుంచి ఇద్దరూ పెళ్ళైన ఏడాదే వచ్చి ఇక్కడ పడ్డారు. అతను ఆ రాత్రి గోడకు ఆనుకుని కూర్చుని ఒక్కమాట చెప్పాడు.

"ఇంకెక్కడ జెప్పకు. జెప్పినవంటే గిన్నెలు తోమనీకి గూడ ఎవ్వలు పిలువరు."

ఆమె ఎవరికీ చెప్పలేదు. సర్కారు దవాఖానలో ఇచ్చే గోలీలు పసుపు డబ్బాలో దాచుకుని పొద్దునొకటి, రాత్రొకటి మింగేది. మరుసటేడు మల్లాపూర్ రోడ్డు మీద, కింద రెండు దుకాణాలూ పైన మూడు అంతస్తుల క్లాసులూ ఉన్న ఒక ప్రైవేటు బడిలో ఆయాగా చేరింది. పళ్ళేమైనయని కరస్పాండెంట్ సీతారామయ్య అడిగితే బాయికాడ జారిపడ్డానంది. నవ్వొస్తే కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది. టీచర్లు సిగ్గనుకున్నారు.

చేరిన ఆరు నెలలకు బడి తాళాలన్నీ తన దగ్గరే ఉంచమని అడిగింది. పొద్దున అందరికంటే ముందొస్తాననీ సాయంత్రం అందరికంటే చివర పోతాననీ చెప్పింది. ఊరికే వచ్చిన చాకిరి ఎవరు కాదంటారు? సీతారామయ్య ఒప్పుకున్నాడు. ఆమె తాళాలు అడిగింది స్టోరు గది కోసం. ఫిట్స్ వచ్చేముందు ఆమెకు నోట్లో తుప్పు రుచి తగిలేది, పాత ఇనుప గొలుసు నాకినట్టు. ఆ రుచి తగిలాక రెండు మూడు నిమిషాల వ్యవధి ఉండేది. ఆ వ్యవధిలో మెట్లు దిగి, స్టోరు గది తెరిచి, లోపల గడియ పెట్టుకుని, పాత బెంచీల సందున బొంత మీద పడుకునేది. ఐదేళ్ళలో అట్లా నాలుగుసార్లు. తెలివొచ్చాక మొహం కడుక్కుని, చీర సర్దుకుని పైకి వచ్చేది. ఎక్కడికి పోయినవు ఆయమ్మా అంటే, చీపురు కోసం పోయినా అనేది.

ఆ తాళాల గుత్తికి ఇంకో పని కూడా ఉండేది. బడిలో ఏ పిల్లకైనా ఫిట్స్ వస్తే అందరూ ఒకటే కేక పెట్టేవారు, తాళాలు తేండ్రి అని. నర్సమ్మ ఉరికొచ్చి పిల్ల పిడికిలి విప్పి గుత్తి పట్టించేది. ఇనుము పట్టుకుంటే తగ్గుతుందని చిన్నప్పటి నుంచి ఆమె విన్నదీ అదే, ఇంట్లో బుచ్చిరాములు ఆమె చేతిలో కొడవలి పెట్టేదీ అందుకే. మూడుసార్లు పట్టించింది. మూడుసార్లూ రెండు నిమిషాల్లో తగ్గింది. దాంతో గుత్తికి పేరొచ్చింది. పక్క గల్లీ నుంచి ఒక ముసలామె వచ్చి, మీ బడి తాళాలు మస్తు పనిజేస్తయట, మా మనుమనికి జరసేపు ఇయ్యవా అని అడిగింది. సీతారామయ్యకు చెప్పకుండా ఇచ్చి పంపింది నర్సమ్మ. ఇందరు పిల్లలకు పనిచేసే ఇనుము, పొద్దంతా తన నడుముకే వేలాడే ఇనుము, తనకెందుకు పనిచెయ్యదో ఆమెకు అర్థమయ్యేది కాదు. తన రాత అనుకునేది. మన దగ్గర అర్థం కానిదానికల్లా ఆ ఒక్క పేరే కదా.

రెండు వేల తొమ్మిది జులైలో ఒక శనివారం మధ్యాహ్నం బడిలో శిక్షణ పెట్టారు. ఫిట్స్ వచ్చిన పిల్లకు ఏం చెయ్యాలో సిబ్బందికి నేర్పుతారట. గుర్తింపు రెన్యువల్‌కు అట్లాంటి సర్టిఫికెట్ ఒకటి ఉంటే మంచిదని సీతారామయ్యకు ఎవరో చెప్పారు. ఒంటిపూట బడి అయ్యాక ఆగమంటే టీచర్లకు మొహాలు మాడిపోయాయి. కొందరు యూనిట్ టెస్టు పేపర్లు ఒళ్ళో పెట్టుకుని దిద్దుకుంటున్నారు. పీఈటీ తిరుపతి సారు గోడకు తల ఆనించి కళ్ళు మూశాడు. ఆయాలనూ వ్యాను డ్రైవర్‌నూ వెనక చాప మీద కూర్చోబెట్టారు.

వచ్చిన డాక్టరు పేరు పద్మశ్రీ. సన్నగా, అలిసిపోయినట్టుంది. ఆ రోజుకు అది మూడో బడట. ఫిట్స్ వస్తే మీరేం చేస్తారని ముందు అడిగింది. ఉల్లిగడ్డ వాసన అన్నారు, చెప్పు వాసన అన్నారు, నోట్లో స్పూను అన్నారు. తిరుపతి సారు కళ్ళు తెరవకుండానే మా ఆయమ్మ దగ్గర తాళాలున్నయి మేడం, అవి పట్టిచ్చుడే అనేసరికి అందరూ నవ్వారు. డాక్టరు గుత్తి తెప్పించుకుని చేతిలో బరువు చూసింది.

"ఎంతసేపట్లో తగ్గింది?"

"రెండు మూడు నిమిషాలు మేడం," అంది నర్సమ్మ.

"చేతిలో చాక్లెట్ పెట్టినా అంతసేపట్లోనే తగ్గేది. దానంతట అదే తగ్గుతదమ్మా," అంటూ గుత్తి తిరిగి ఇచ్చేసింది.

తర్వాత ల్యాప్‌టాప్‌లో ఒక వీడియో వేసింది. ఎవరో ఒక ఆడమనిషి, బజార్లో నడుస్తూ నడుస్తూ పడిపోయింది. మెడ బిగిసింది, కళ్ళు తేలేసింది, నోటి పక్కన నురుగు. నర్సమ్మ మోకాళ్ళ మీద లేచి చూసింది. పద్దెనిమిదేళ్ళుగా తనకు వస్తున్న రోగం. ఊళ్ళోవాళ్ళు చూశారు, మొగుడు చూశాడు, కంపెనీలో నలభై మంది చూశారు. తను మాత్రం ఎన్నడూ చూడలేదు. ఇదా, అనుకుంది. ఇది చూసే అన్నమాట వాళ్ళు దూరం జరిగింది. ముందు వాళ్ళ మీద కోపం కొంచెం తగ్గింది. ఆ వెంటనే, ఇంతే కదా, ఇంతదానికేనా అని రెట్టింపు కోపం వచ్చింది.

పేషంటుగా ఎవరైనా పడుకుని చూపించాలంది డాక్టరు. నేల మీద పడుకోవడానికి టీచర్లెవరూ లేవలేదు. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చివరికి సీతారామయ్య వెనక్కి తిరిగి, నర్సమ్మా నువ్ రా, అన్నాడు. ఆమె వచ్చి పడుకుంది. కాళ్ళు చేతులు జర కొట్టుకో ఆయమ్మా, అన్నాడు తిరుపతి సారు. మళ్ళీ నవ్వులు. ఎట్లా కొట్టుకోవాలో ఆమెకు తెలియదు. తెలిసిందల్లా ఇప్పుడు వీడియోలో చూసిందే. కదలకుండా కళ్ళు మూసుకుంది.

డాక్టరు ఆమె పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. తల కింద మడిచిన చున్నీ పెట్టింది. గట్టిగా అదిమి పట్టొద్దని చెప్పింది. కొట్టుకోవడం ఆగగానే ఒక పక్కకు తిప్పాలంటూ, భుజం కింద చెయ్యి వేసి మెల్లగా తిప్పింది. నోట్లో ఏదీ పెట్టొద్దు, నీళ్ళు కూడా పొయ్యొద్దు. గడియారం చూడాలి. ఐదు నిమిషాలు దాటితే నూట ఎనిమిదికి ఫోన్ చెయ్యాలి. ఒక్కర్నే గదిలో వదిలి తలుపు వెయ్యొద్దు. చివర్లో ఇంకోమాట చెప్పింది. కళ్ళు తెరిచినంత మాత్రాన తెలివి వచ్చినట్టు కాదు, కొందరికి అరగంట, గంట కూడా పడుతుంది, ఆ లోపల లేచి నడిచినా మాట్లాడినా వాళ్ళకు గుర్తుండదు, అప్పుడు ఏమీ అడగొద్దు, ఏ పనీ చెప్పొద్దు.

నర్సమ్మ కళ్ళు తెరిచింది. టేబుల్ ఫ్యాను తిరుగుతున్న ఆ ఆఫీసు గది ఆరేళ్ళ తర్వాత మళ్ళీ కళ్ళముందుకు వచ్చింది. సీతారామయ్య అప్పుడే ఫోటో తియ్యమన్నాడు. ఫోటోలో టీచర్లంతా నిలబడి ఉన్నారు, డాక్టరు వంగి ఉంది, నర్సమ్మ నేల మీద ఉంది.

డాక్టరు ఆటో ఎక్కుతుంటే నర్సమ్మ గేటు దాకా వెంట పోయింది.

"మేడం, గప్పుడు మనిషి తోని సంతకం పెట్టిచ్చుకుంటే చెల్లుతదా?"

"ఎవరితో పెట్టించుకున్నారమ్మా?"

"మా వాడకట్టుల ఒకామె ఉన్నది."

డాక్టరు ఆమె నోటి వంక ఒక్క క్షణం చూసింది. చూసి కూడా ఇంకేమీ అడగలేదు. అట్లా పెట్టించుకోవడం తప్పు, ఆమెను మందులు మాత్రం మానొద్దని చెప్పండి, తలుపేసుకుని ఒక్కతే ఉండొద్దని చెప్పండి అంది. ఆటో పోయింది. నాలుగోరోజు నర్సమ్మ స్టోరు గది లోపలి గడియ ఊడదీసి పడేసింది.

నవంబరులో, భోజనాల వేళ, రెండో తరగతి ఆశ వరండాలో వరసలో కూర్చుని అన్నం తింటూ తింటూ వెనక్కి పడిపోయింది. ఆ క్లాసు టీచరు హిమజ. ఇరవై రెండేళ్ళ పిల్ల, రామంతాపూర్ నుంచి వస్తుంది, చేరి నాలుగు నెలలైంది. శిక్షణలో ముందు వరసలో కూర్చుని నోటుబుక్కులో అన్నీ రాసుకుంది. ఇప్పుడు ఒక్క అక్షరం గుర్తు రాలేదు. తిరుపతి సారు ఉరికొచ్చాడు, నాలుక కొరుక్కుంటది, స్పూనియ్యండ్రి అన్నాడు. ఆశ టిఫిన్ డబ్బాలోని స్పూను తీసి అతని చేతికిచ్చింది హిమజే.

ఆయన స్పూనుతో ఆ పిల్ల దవడ తెరవబోతుంటే నర్సమ్మ వచ్చి మణికట్టు పట్టుకుంది.

"ఒద్దు సార్."

"నువ్ తాళాలియ్యి ముందుగాల. సెయ్యిడువు."

"ఒద్దంటున్న సార్. మేడం జెప్పింది గద."

"మేడం ఈడున్నదా? పిల్లకేమన్నయితే నువ్ జవాబు జెప్తవా? నువ్వేమన్న డాక్టర్‌వా?"

ఆయన చెయ్యి బలమైనది. ఆమె పట్టు జారిపోతోంది. స్పూను అంచు ఆ పిల్ల పాలపళ్ళకు తగిలి టక్కుమంది. అప్పుడు నర్సమ్మ ఐదేళ్ళుగా కొంగుతో కప్పుకుంటూ వచ్చిన నోటిని ఆయన మొహం ముందర తెరిచి, వేలితో పైపెదవి ఎత్తి చూపించింది.

"నాకొస్తది సార్ ఫిట్సు. నా పండ్లు గిట్లనే పోయినయ్."

తిరుపతి సారు చెయ్యి దానంతట అదే వదులైంది. నర్సమ్మ హిమజ చున్నీ లాగి మడిచి పిల్ల తల కింద పెట్టింది. అన్నం డబ్బాలు పక్కకు నెట్టింది. గడియారం సూడు మేడం, అంది. హిమజ చూసింది. రెండు నిమిషాల నలభై సెకన్లు. ఆగాక పిల్లను పక్కకు తిప్పి, నోట్లోని మెతుకులు బయటికి కారిపోనిచ్చి, తడిసిన గౌను మీద తన కొంగు కప్పింది. ఏమైంది ఏమైంది అని పిల్లను కుదుపుతున్న వాళ్ళను, ఏం అడగకుండ్రి జరసేపు, అని ఆపింది. ఆశకు ఒక్క పన్ను కూడా పోలేదు.

మర్నాడు ఆశ తండ్రి వచ్చాడు. ఉప్పల్‌లో పాత కాపురం, పొలాలు ప్లాట్లైన ఇల్లు, నలుగురిని వెంటేసుకుని వచ్చాడు. నా బిడ్డను నేల మీద పడేసి సుట్టూ కూసొని సూసిన్రట, చేతుల ఇంత ఇనుము పెట్టే దిక్కు లేదా అని అరిచాడు. దవాఖానకు ఎందుకు ఉరకలేదన్నాడు. ఫిట్సొచ్చే మనిషిని పిల్లల దగ్గర ఎట్ల పెట్టుకున్నరని అడిగాడు. ఈ ఆఖరిమాట ఆయనకు ఎవరు చేరవేశారో తెలియదు. వరండాలో ముప్పై మంది విన్నారు, ఎవరైనా కావొచ్చు. డాక్టరు నేర్పిందే చేశామని సీతారామయ్య ఒక్కమాట అంటే సరిపోయేది. గోడ మీద సర్టిఫికెట్ అందుకే ఉంది. ఆయన అనలేదు. విచారిస్తానన్నాడు.

విచారణ అంటే హిమజను పిలిచి, జరిగింది రాసి సంతకం పెట్టమనడం. హిమజ అరగంట కూర్చుని రాసింది. రెండు రోజుల తర్వాత నర్సమ్మను ఆఫీసు గదికి పిలిచి ఆ కాగితం చూపించారు. ముత్యాల్లాంటి అక్షరాలు. 'ఆయా మమ్మల్ని ఎవరినీ దగ్గరికి రానివ్వలేదు. అడిగినా తాళాలు ఇవ్వలేదు. ఆమెకు అదే జబ్బు ఉన్నట్టు మాకు ఇంతకుముందు తెలియదు.' కూడబలుక్కుని చదువుకుంది నర్సమ్మ. వెతికినా అందులో పట్టుకునేంత అబద్ధం లేదు. స్పూను సంగతి మాత్రం లేదు.

సీతారామయ్య దాని పక్కన ఇంకో కాగితం పెట్టాడు. టైపు చేసి ఉంది. 'ఇంటి పనుల వల్ల, నా సొంత ఇష్టంతో.' ఈ మాటలు ఈ ఊళ్ళో ఎక్కడన్నా అచ్చుగుద్ది అమ్ముతారేమో అనిపించింది ఆమెకు. ఆయన కోపంగా ఏం లేడు, నాకు మాత్రం ఇష్టమా నర్సమ్మా, తల్లిదండ్రులు ఊరుకోరు, అన్నాడు. ఆయన తల వెనక గోడ మీద, అద్దాల చట్రంలో శిక్షణ ఫోటో. అందులో ఆమె నేల మీదే ఉంది.

"ఇయ్యాల నాకు తెలివున్నది సార్. పెట్ట."

ఆయనకు ఆ మాట అర్థం కాలేదు. పెట్టకపోయినా జరిగేది అదే అన్నాడు. ఆమె నడుముకున్న గుత్తి విప్పి ఆ కాగితం మీద బరువుగా పెట్టి బయటికి వచ్చింది. మర్నాటి నుంచి గేటు తియ్యలేదు. సంతకం లేనందువల్ల ఆగిన పని ఏదీ లేదు. గుత్తి ఇంకో ఆయా నడుముకు మారింది.

నేను జెప్తనే ఉంటి అని బుచ్చిరాములు ఆ సాయంత్రం అనలేదు. చాయ్ చేసి తెచ్చి ముందర పెట్టాడు. ఆ డిసెంబరంతా బందులే, బళ్ళూ మూతపడ్డాయి, కంపెనీలూ మూతపడ్డాయి. తర్వాత ఆమె హబ్సిగూడలో ఇళ్ళల్లో పనిచేసింది. మళ్ళీ బళ్ళ చుట్టూ తిరిగింది. ఈసారి ముందే చెప్పేది, నాకు ఫిట్సొస్తది, గోలీలు మింగుతున్న, వస్తె గిట్ల జెయ్యాలె అని. మూడు బళ్ళు ఆ మాట సాంతం వినకుండానే కబురు చేస్తామన్నాయి. నాలుగోది, చెంగిచెర్లలో, తీసుకుంది. పిల్లల దగ్గరికి పోకుండా గిన్నెలు కడిగే పనికి. పొద్దున్నే బస్సు, సాయంత్రం బస్సు. నాలుగేళ్ళు అట్లాగే గడిచిపోయాయి.

రెండు వేల పద్నాలుగు జూన్ మొదటివారం. ఉప్పల్ రింగు రోడ్డంతా జెండాలు, తోరణాలు, డప్పులు. రాష్ట్రం వచ్చిందని మిఠాయి పంచుతున్నారు. బస్సు కోసం నిలబడి నిలబడి కాళ్ళు పీకుతుంటే నర్సమ్మ అరుగు మీద చతికిలబడింది. ఎవరో ఆయమ్మా అని పిలిచారు. హిమజ. చంకలో ఏడాది పిల్లవాడు. చిక్కిపోయింది. ఆ బడి ఎప్పుడో మానేసిందట, వాళ్ళు ఆమెతో కూడా 'నా సొంత ఇష్టంతో' కాగితమే రాయించుకున్నారట, కడుపుతో ఉన్నప్పుడు. ఆశ బాగుందట, ఏడో తరగతికి వచ్చిందట.

నర్సమ్మ పిల్లవాడి పేరడిగింది. జీవన్ అని చెప్పింది హిమజ. చెప్తూ చెప్తూ ఏడ్చేసింది.

"ఆ రోజు నీ మీద సార్ రాయమన్నడు, రాసిన ఆయమ్మా. నాకేం తోచలే. నాలో నేను లేను."

బోడుప్పల్ దిక్కు పోయే బస్సు మలుపు తిరుగుతోంది. నర్సమ్మ మోకాళ్ళ మీద చేతులానించి లేచింది. పిల్లవాడి నెత్తి మీదికి హిమజ కొంగు లాగి కప్పింది.

"మనిషి తనల తాను లేకుంటె ఎట్లుంటదో నాకెరుకే బిడ్డా," అంది. "నోరంత తుప్పు రుచుంటది. పక్కన ఎవ్వలున్నరో తెల్వది. అచ్చరాలు గీత మీద నిలువయి. నీ కాగితం నేను జదివిన. మస్తు సక్కగ రాసినవ్. నువ్ తెలివిలుండే పెట్టినవ్ సంతకం. పో, పిలగానికి ఎండ గొడ్తున్నది."